పరుగెత్తి పాలు త్రాగదలచిన వారికి

ఊపిరి కొద్ది వారాలలో అలవాటు పడుతుంది. ఎముకకు, స్నాయువుకు నెలల గడువు కావాలి. ఈ తేడా గ్రహించిన వారికి పరుగు మిత్రమే గాని శత్రువు కాదు.

"పరుగెత్తి పాలు త్రాగడం కన్న నిలబడి నీళ్ళు త్రాగడం మేలు" అన్నారు మన పెద్దలు. ఆ సామెత పుట్టిన రోజులలో మనిషికి నడక కొరత లేదు. పొలానికైనా, సంతకైనా, చుట్టాల ఊరికైనా కాళ్ళే వాహనాలు. నేటి మనిషి సంగతి వేరు. ఆఫీసులో కుర్చీ, దారిలో స్కూటరు, ఇంట్లో టెలివిజను. వీటి నడుమ రక్తపోటు, మధుమేహం పెరిగాక, వైద్యుడు చెప్పగానో, తనకే తోచిగానో, ముప్పై అయిదేళ్ళ వయసులో ఒకనాటి ఉదయం అతడు పరుగుకు బయలుదేరుతాడు. రెండు నెలలు తిరిగేసరికి మోకాలు పట్టుకొని కూర్చుంటాడు. "పరుగు మనకు పడదు" అని తీర్పు కూడా చెబుతాడు.

ఆ తీర్పు సరియైనదేనా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి జంషెడ్‌పూర్ కన్న తగిన ఊరు అరుదు.

1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు పోత పోసిన ఈ పట్టణానికి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. కొందరు కర్మాగారంలోను, కొందరు రైల్వేలోను పనికి కుదిరారు. 1919లో సాక్చి గ్రామం జంషెడ్‌పూర్‌గాను, కాలీమాటి స్టేషను టాటానగర్‌గాను పేర్లు మార్చుకొన్నాయి. ఆ టాటానగర్ స్టేషనుకు చేరువలోనే ఉన్నది బాగ్‌బేరా. రైల్వే కాలనీలు, ఇరుకు వీధులు, అన్ని భాషల ఇరుగుపొరుగు గల వాడ. కంపెనీ తీర్చిదిద్దిన పట్టణంలో జూబిలీ పార్కు వంటి ఉద్యానమున్నది, క్రీడాప్రాంగణంలో కొలిచి వేసిన పరుగుబాట ఉన్నది. బాగ్‌బేరా మాత్రం ఆ పట్టణం హద్దుకు వెలుపల, పంచాయతీల ఏలుబడిలో ఉన్నది. ఇక్కడ పరుగెత్తదలచినవారికి గుంతల వీధులు, తారు రోడ్డు, వాటి మీద లారీలు, కుక్కలే గతి. మన దేశంలో పరుగు మొదలుపెట్టే లక్షలాది సామాన్యులకు దొరికే దారి కూడా ఇలాంటిదే.

చెప్పులు లేని మహావీరుడు

భారతదేశపు దూరపు పరుగు చరిత్రలో అగ్రగణ్యుడైన శివనాథ్ సింగ్ సైన్యం తరువాత ఉద్యోగం చేసినది జంషెడ్‌పూర్ ఉక్కు కంపెనీలోనే. ఆయన 2003లో కన్ను మూసినది కూడా ఈ ఊరిలోనే. బీహారులోని బక్సర్ ప్రాంతంలో ఒక పల్లెలో పుట్టిన ఆయన వట్టి పాదాలతో పరుగెత్తడానికి పేరు పొందాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్ మారథాన్‌లో పదకొండవవాడుగా వచ్చాడు. 1978లో జలంధర్‌లో 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 2 గంటల 12 నిమిషాలలో ముగించాడు. ఆ జాతీయ రికార్డును నాలుగు దశాబ్దాలు గడిచినా ఎవరూ దాటలేకపోయారు.

ఈ కథ విన్నవారు వెంటనే చెప్పులు విడిచి పరుగెత్తబోతే పొరపాటు. శివనాథ్ సింగ్ పాదాలు ఒక్కనాడు తయారైనవి కావు. అవి చిన్ననాటి నుండి మట్టిదారుల మీద ఏళ్ళ తరబడి గట్టిపడిన పాదాలు. ఆయన వద్ద నేర్వవలసినది చెప్పులు లేకపోవడం కాదు, ఆ ఏళ్ళ తరబడి సాధన. శరీరంలోని ప్రతి భాగమూ తన మీద పడే బరువుకు తగినట్లు తనను తాను మలచుకోగలదు. అయితే దానికి కాలం ఇవ్వాలి.

ఇరుసు విరిగిన చోట

రైలు పట్టాల ప్రక్కన బ్రతికేవారికి ఈ సూత్రం సులువుగా బోధపడుతుంది. 1842లో ఫ్రాన్సులో వెర్సాయ్ నుండి పారిస్ వెళ్తున్న రైలుకు ఘోర ప్రమాదం జరిగింది. ఇంజను ఇరుసు విరగడమే దానికి కారణం. మోయగలిగినంత బరువే మోస్తున్న ఇనుము ఎందుకు విరిగింది? 1850, 60 దశకాలలో ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ ఇంజనీరు రైలు ఇరుసుల మీద ప్రయోగాలు చేసి దీనికి సమాధానం చెప్పాడు. ఒక్కసారి మోస్తే ఏమీ కాని బరువే లక్షల సార్లు పడితే లోహంలో కంటికి కనిపించని బీట పుట్టి, పెరిగి, ఒకనాడు ఇరుసును విరిచేస్తుంది. దీనినే లోహపు అలసట అంటారు.

విచిత్రమేమంటే సరిగ్గా ఆ రోజులలోనే, 1855లో, ప్రష్యా సైన్యపు వైద్యుడు బ్రైట్‌హాప్ట్ ఇంకొక చోట ఇదే సంగతి గమనించాడు. దెబ్బ తగలకుండా, పడిపోకుండా, కేవలం దూరాలు కవాతు చేసిన సైనికుల పాదాలు వాచి నొప్పి పెడుతున్నాయని ఆయన వ్రాశాడు. ఎక్స్‌రేలు వచ్చిన తరువాత తెలిసినదేమంటే, ఆ పాదాలలోని ఎముకలకు సన్నని బీటలు పడుతున్నాయని. నేటికీ దానిని కవాతు బీట అనే పేరుతో వైద్య గ్రంథాలు ప్రస్తావిస్తున్నాయి.

పరుగెత్తేవాని కాలు మీద ప్రతి అడుగుకు అతని బరువుకు రెండు, మూడు రెట్ల భారం పడుతుంది. కిలోమీటరుకు సుమారు వెయ్యి అడుగులు పడతాయి. డెబ్బయి కిలోల మనిషి అయిదు కిలోమీటర్లు పరుగెత్తితే అయిదు వేల పర్యాయాలు నూట నలభై నుండి రెండువందల పది కిలోల తాకిడి. ఇరుసుకైనా ఇది చిన్న పరీక్ష కాదు.

అయితే ఇరుసుకు, ఎముకకు ఒక్క పెద్ద తేడా ఉన్నది. ఇరుసు తన బీటను తాను పూడ్చుకోలేదు. ఎముక పూడ్చుకోగలదు! తాకిడికి దెబ్బతిన్న భాగాన్ని ఒక జాతి కణాలు తవ్వి తీసివేస్తాయి, మరొక జాతి కణాలు అక్కడ కొత్త ఎముకను పోస్తాయి. తవ్వకం వారాలలో ముగుస్తుంది, పూడిక నెలలు పడుతుంది. ఇంటి మరమ్మతుకు పాత గోడ పడగొట్టి, కొత్త గోడ ఇంకా లేవని రోజులలో ఇల్లు బలహీనంగా ఉన్నట్లే, ఆ నడిమి కాలంలో ఎముక మునుపటి కన్న బలహీనంగా ఉంటుంది. సైన్యంలో కొత్తగా చేరినవారికి శిక్షణ తొలి నెలలలోనే ఇట్టి బీటలు ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణం.

ఇంతలో ఊపిరి ఏమి చేస్తుంది? రక్తంలోని ద్రవభాగం తొలి రెండు వారాలలోనే పెరుగుతుంది. గుండె అదే పనిని తక్కువ శ్రమతో చేయసాగుతుంది. మొదట రెండు నిమిషాలకే ఆయాసపడినవాడు నెల తిరిగేసరికి అరగంట పరుగెత్తగలుగుతాడు. "ఇక నాకు వచ్చేసింది" అనుకొని దూరం రెట్టింపు చేస్తాడు. గుండె సిద్ధంగా ఉన్నది, కాలు సిద్ధంగా లేదు. గాయాలలో పెక్కు ఈ ఎడములోనే పుడతాయి.

నొప్పి ఎక్కడ, ఎందుకు?

సరదాకు పరుగెత్తేవారి గాయాలు ఎక్కువగా మోకాలులోను, అంతకు దిగువనే వస్తాయి. అందులో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది మోకాటి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చొని లేచేటప్పుడు బాధిస్తుంది. తొడ, తుంటి కండరాలు బలహీనంగా ఉన్నవారికి ఎక్కువ.

రెండవది మోకాలికి, చీలమండకు మధ్య, కాలి లోపలి అంచు వెంట వచ్చే నొప్పి. జానెడు పొడవున పరచుకొని ఉంటే ఎముక పొర ఒత్తిడికి గురైనదన్నమాట. అట్లుగాక వ్రేలితో చూపగలిగినంత చోట, ఒత్తితే ప్రాణం జివ్వుమన్నదంటే, బీట పడినదేమోనని అనుమానించాలి.

మూడవది మడమ వెనుక తాడులా చేతికి తగిలే అకిలీస్ స్నాయువు నొప్పి. తెల్లవారి లేచేసరికి బిగుసుకొని, నాలుగడుగులు వేశాక కాస్త సడలుతుంది.

నాలుగవది అరికాలి నొప్పి. నిద్ర లేచి నేల మీద పాదం మోపగానే మడమ క్రింద ముల్లు గుచ్చినట్లుంటుంది.

ఈ నాలుగింటి పేర్లు వేరైనా పుట్టుక ఒక్కటే. భారం పెరిగిన వేగాన్ని కాలు అందుకోలేకపోవడం.

ఎంత పెంచితే మేలు?

వారానికి పది శాతం కన్న దూరం పెంచరాదన్న సూత్రం చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. 2008లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు కొత్తగా పరుగు మొదలుపెట్టిన 532 మంది మీద దీనిని పరీక్షించారు. సగం మందికి ఈ సూత్రం ప్రకారం పదమూడు వారాల శిక్షణ, మిగిలినవారికి ఎనిమిది వారాల శిక్షణ ఇచ్చారు. రెండు వర్గాలలోను గాయపడినవారు అయిదుగురికి ఒక్కరు చొప్పునే తేలారు. వారపు లెక్క ఒక్కటే రక్ష కాదన్నమాట.

మరి ఏది రక్ష? 2025లో ఆర్హస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పెద్ద అధ్యయనం వెలువరించారు. చేతిగడియారాలు నమోదు చేసిన పరుగుల ఆధారంగా 5,200 మందికి పైగా పరుగరులను ఏడాదిన్నర పాటు గమనించారు. గత ముప్పై రోజులలో పరుగెత్తిన అతి పెద్ద దూరాన్ని ఒకే పరుగులో పది శాతానికి మించి దాటినవారికి గాయాలు స్పష్టంగా పెరిగాయి. దానికి రెండింతలు దాటినవారికి ముప్పు మరీ హెచ్చింది. వారం మొత్తం కన్న ఆ ఒక్క అతి పరుగే ప్రమాదకరమని తేలింది.

దీని సారాంశం సులువు. గత నెలలో మీ పెద్ద పరుగు అయిదు కిలోమీటర్లయితే, ఈసారి అయిదున్నరతో ఆగండి. ఆదివారం స్నేహితులు పదికి పిలిచినా, టాటా స్టీల్ నిర్వహించే జంషెడ్‌పూర్ రన్ వంటి పందెంలో పేరు నమోదు చేసుకొన్నా, లెక్క మారదు. పందెం తేదీ నుండి వెనక్కి నెలలు లెక్కపెట్టి సాధన మొదలుపెట్టాలి గాని, తేదీ దగ్గర పడినదని దూరం రెట్టింపు చేయరాదు.

అసలు క్రొత్తవారు పరుగుతో కాక నడకతో మొదలుపెట్టాలి. అరగంట చురుకుగా నడవగలిగాక, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు సాగించాలి. వారానికి మూడు రోజులు చాలు, నడుమ రోజు విశ్రాంతి. ప్రక్కవానితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తాలి. మాట తెగుతున్నదంటే వేగం ఎక్కువైనదన్నమాట. దూరం పెంచిన వారం వేగం పెంచవద్దు, వేగం పెంచిన వారం దూరం పెంచవద్దు.

విశ్రాంతి సోమరితనం కాదు, మరమ్మతు వేళ. ఈ ఉక్కు కర్మాగారం 1912లోనే తన కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం అమలుపరచింది. మనిషి చేత చేయించగల పనికి హద్దున్నదని నాడే గుర్తించినట్లు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు నిద్ర మాని పరుగుకు పోవడం ఆ హద్దును తానే చెరుపుకోవడం. ఆ ఉదయం నిద్రే వ్యాయామం.

బూటు కన్న కండరం మిన్న

గాయం కాగానే చాలామంది మొదట బూటును నిందిస్తారు. ఇంకా ఖరీదైన జత కొంటే సరిపోతుందనుకొంటారు. అమెరికా సైన్యంలో కొత్తవారికి పాదం ఆకారాన్ని బట్టి రకరకాల బూట్లు ఇచ్చి చూశారు. అందరికీ ఒకే రకం ఇచ్చిన వర్గం కన్న గాయాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కనుక వెల కన్న సుఖం ముఖ్యం. వేళ్ళ ముందు బొటనవ్రేలంత ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు, తొడగగానే హాయి అనిపించాలి. సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉన్న వేళ కొనడం మంచిది. అడుగు అరిగి ఒరిగిపోయిన జతను విడిచిపెట్టాలి. కొత్త జతను పాతదానితో మార్చి మార్చి వాడి అలవాటు చేసుకోవాలి.

పరుగుకు ముందు నిలబడి కండరాలను సాగదీయడం గాయాలను ఆపుతుందన్న నమ్మకం కూడా పరీక్షకు నిలువలేదు. 2000లో ఆస్ట్రేలియాలో 1,538 మంది సైనిక శిక్షితుల మీద జరిపిన అధ్యయనంలో సాగదీసినవారికి, సాగదీయనివారికి గాయాలలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. దానికి బదులు అయిదు, పది నిమిషాలు చురుకుగా నడిచి, మెల్లగా పరుగులోకి దిగడం ఉత్తమం.

నిజంగా అక్కరకు వచ్చేది కండరబలం. 2014లో ఇరవై అయిదు అధ్యయనాలను గుదిగుచ్చి చూసిన డెన్మార్క్ పరిశోధకులు, కండరాలను బలపరచే వ్యాయామాలు క్రీడా గాయాలను మూడవ వంతు కన్న తక్కువకు దించాయని తేల్చారు. దీనికి వ్యాయామశాల అక్కరలేదు. బడిలో శిక్షగా తీసిన గుంజీలు తొడలకు దివ్యమైన వ్యాయామం. గోడ పట్టుకొని మునివేళ్ళ మీద లేచి నెమ్మదిగా దిగడం పిక్కలకు, అకిలీస్ స్నాయువుకు బలం. వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం తుంటికి బలం. ఒక్కొక్కటి పన్నెండు, పదిహేను సార్లు, రెండు మూడు దఫాలుగా, వారానికి రెండు రోజులు చేస్తే చాలు. 1998లో స్వీడన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్‌సన్, నొప్పి పుట్టిన అకిలీస్ స్నాయువుకు కూడా మెట్టు అంచున మడమ దించే వ్యాయామమే చికిత్సగా చూపించాడు.

అడుగు విషయంలో ఒక్క మాట. కాలు ముందుకు చాచి మడమతో నేలను పొడిచేవారు మోకాలికి తామే దెబ్బ వేసుకొంటున్నారు. అడుగును కాస్త కురచ చేసి, నిమిషానికి పడే అడుగులను అయిదు నుండి పది శాతం పెంచితే మోకాలు, తుంటి మీద భారం తగ్గుతుందని 2011లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు కొలిచి చూపారు.

దారి, ఎండ, కుక్క

బాగ్‌బేరా వంటి చోట దారే సగం వైద్యం, సగం రోగం. మన తారు రోడ్లు నీరు జారిపోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటాయి. ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు మీద భారం ఎక్కువ పడుతుంది. వీలున్నంతవరకు చదునైన చోటు వెదకాలి. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేటట్లు కుడి అంచున పోవాలి. చీకటిలో లేతరంగు బట్టలు ధరించాలి. పట్టాల వెంబడి దారి ఖాళీగా కనిపించినా అటు పోరాదు. అది చట్టం నిషేధించినది, పైగా కంకర రాళ్ళ మీద చీలమండ మడతపడటం క్షణంలో పని.

వేసవిలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. వానాకాలంలో ఉక్కపోత వల్ల చెమట ఆరక ఒళ్ళు చల్లబడదు. ఆ నెలలలో తెల్లవారకముందే ముగించాలి, వేగం తగ్గించాలి, దాహానికి తగినంత నీరు త్రాగాలి. దాహాన్ని మించి కడుపు నిండా పోసుకోవడమూ అపాయమే. పరుగెత్తుతున్నవాడు మాట తడబడి, తూలి, అసంబద్ధంగా ప్రవర్తిస్తే వడదెబ్బ అని ఎంచాలి. నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరుతూ, ఆ పని ఆపకుండానే ఆసుపత్రికి పిలుపు పంపాలి.

కుక్క తరిమితే పరుగు పెంచరాదు. ఆగి, నిలబడి, మెల్లగా తొలగాలి. కరిస్తే, గోరు గీరినా సరే, సబ్బుతో ధారగా పారే నీటిలో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్ళాలి.

ఎప్పుడు ఆగాలి?

అలసిన కండరాల సలుపు రెండు, మూడు రోజులలో పోతుంది. దానికి భయపడనక్కరలేదు. పదికి రెండు మూడు పాళ్ళ నొప్పి ఉండి, పరుగులో పెరగకుండా, మరునాటి ఉదయానికి తగ్గిపోతే సాధన కాస్త తగ్గించి కొనసాగించవచ్చు. కుంటుతూ పరుగెత్తవలసి వస్తే, ఎముక మీద ఒక్కచోటే నొప్పి ఉంటే, రాత్రి నిద్రలో బాధిస్తే, కీలు వాస్తే వెంటనే ఆగి వైద్యుని చూడాలి. చీలమండ మడతపడినప్పుడు నాలుగడుగులు వేయలేకపోయినా, ఎముకను తాకితే నొప్పి పెట్టినా ఎక్స్‌రే తీయించాలి. నొప్పి మాత్ర మింగి పరుగుకు పోవడం, ప్రమాద సంకేతం మీద గుడ్డ కప్పి రైలు నడపడం వంటిది.

స్త్రీలకు సాధన పెరిగి తిండి చాలక నెలసరి తప్పితే ఎముకలు పలుచనయ్యే ప్రమాదమున్నది, దానిని దాచరాదు. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు రోజూ అరికాళ్ళు చూసుకోవాలి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు, పరుగులో ఛాతీ బరువెక్కేవారు వైద్యుని అనుమతి లేకుండా ముందుకు పోరాదు.

ఇన్ని జాగ్రత్తలు చదివి, "ఇంత గొడవ ఎందుకు, మోకాళ్ళు అరగకుండా కూర్చొంటే పోలేదా?" అని ఎవరైనా అనవచ్చు. కూర్చొన్నంత మాత్రాన మోకాళ్ళు మిగలవు. 2017లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు, తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల సరదాకు పరుగెత్తేవారిలో 3.5 శాతం ఉండగా, పరుగెత్తక కూర్చొనేవారిలో 10.2 శాతం ఉన్నదని ప్రకటించారు. మితమైన పరుగు కీలును అరగదీయడం మాట అటుంచి, దానికి మేలు చేస్తున్నట్లే కనిపిస్తున్నది.

ఇరుసుకు లేని వరం ఎముకకు ఉన్నది. దానికి కావలసినది మూడే. తగినంత పని, తగినంత తిండి, తగినంత విరామం. ఈ మూడూ ఇచ్చినవాడు పరుగెత్తి పాలు త్రాగవచ్చు. ఇయ్యనివానికి పెద్దల సామెత ఎటూ ఉండనే ఉన్నది.